కుమారి పెట్టిన మందు

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నందిగామ డీఅడిక్షన్ కేంద్రానికి ఫ్యామిలీ కౌన్సెలర్‌గా వేశారు. అంతకుముందు విజయవాడలో ఒక మహిళా హాస్టల్‌కు వార్డెన్‌గా ఉండేదాన్ని. కేంద్రాన్ని నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ, గ్రాంటు ప్రభుత్వానిది. ఊరి చివర అద్దె మేడ. కింద ఆఫీసు, పైన పడకలు, డాబా మీద బట్టలారేసే తీగలు. అందరి మీదా ప్రాజెక్టు కోఆర్డినేటర్. ఆయన తర్వాత వారంలో కొన్ని రోజులు వచ్చే డాక్టరు, ఇద్దరు కౌన్సెలర్లు, నర్సులు, వార్డు మనుషులు. రోగితో మాట్లాడేవాడు పెద్ద కౌన్సెలర్. రోగి ఇంటివాళ్ళతో మాట్లాడేది చిన్న కౌన్సెలర్, అంటే నేను. జీతంలో తేడా అంతగా లేదు గానీ వసతిలో ఉంది. ఆయనకు తలుపున్న గది. నాకు మెట్ల కింద రెండు కుర్చీలూ ఒక బెంచీ.

ఆ ఉద్యోగంలోకి నేను ఇష్టపడి రాలేదు. విజయవాడలో ఖాళీ వస్తే వెళ్ళిపోదామని పెట్టె సగమే విప్పుకున్నాను. మా కోఆర్డినేటర్ దృష్టిలో ఇంటివాళ్ళంటే చేర్చేటప్పుడు సంతకం పెట్టేవాళ్ళు, ఆదివారం క్యారేజీ తెచ్చేవాళ్ళు, డిశ్చార్జి నాడు ఆటో పిలిచేవాళ్ళు. వాళ్ళతో మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టమని గ్రాంటు నిబంధనల్లో ఉంది కాబట్టి నన్ను పెట్టారు.

పని పద్ధతి చెబుతాను. చేరినవాడు నెలరోజులుంటాడు. మొదటి వారం ఒంట్లోని తాగుడు దిగే కాలం. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి గోడ మీద లేని పురుగులు కనిపిస్తాయి. డాక్టరు మాత్రలతో ఆ వారాన్ని దాటిస్తాడు. తర్వాత విడిగా మాటలు, గుంపులో మాటలు, చివర్లో ఇంటివాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి ఫ్యామిలీ మీటింగు. ఇంటికి వెళ్ళాక కూడా నెలకోసారి వాళ్ళ గడప తొక్కి చూసి రావాలి. ఆ చివరి రెండూ నా పనులు.

ఈ ప్రాంతంలో ఈ పని చేసేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది ఒక్క మాట: మందు. మాత్రా మందే, బ్రాందీ మందే, మిరపకు చల్లే పురుగుమందూ మందే. "మావాడు పొద్దున్నే మందు కొట్టాడండి" అంటే చేనుకు కొట్టాడో గొంతులో పోసుకున్నాడో మనమే తేల్చుకోవాలి. "మందు తాగాడు" అంటే నిట్టూర్చాలో ఆటో కోసం పరుగెత్తాలో తెలియదు. ఇవి కాక నాలుగోది ఒకటుంది. మొగుడు ఉన్నట్టుండి పెళ్ళాం మాటకు తల ఊపడం మొదలుపెడితే "అది వాడికి మందు పెట్టింది" అంటారు. పసరో వేరో తిండిలో కలిపి లొంగదీసుకుందని అర్థం. ఆ మాట పడ్డ ఆడదాని చేతి మంచినీళ్ళు కూడా చుట్టాలు ముట్టరు. హిందువుల ఇళ్ళలోనూ విన్నాను, క్రైస్తవుల ఇళ్ళలోనూ విన్నాను. చదువుకున్నవాళ్ళు నవ్వుతూ అంటారు, అంతే తేడా.

నాగేశ్వరరావు పెనుగంచిప్రోలు పక్క పల్లెవాడు. ముక్త్యాల నుంచి సిమెంటు లోడు తోలే లారీకి డ్రైవరు. దానితోపాటు రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. నేను చేరిన ఏడాదే వర్షాకాలంలో బావమరిది తీసుకొచ్చి చేర్చాడు. మంచి మాటకారి, వార్డులో అందర్నీ నవ్వించేవాడు. నెల సగమైనా కాకుండానే లారీ ఓనరు పిలిచాడని చెప్పి, పగటిపూట అందరి ముందే సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇష్టం లేనివాణ్ణి కట్టి ఉంచే అధికారం మాకు లేదు, ఉండకూడదు కూడా.

ఆ ఆదివారం అతని భార్య కుమారి క్యారేజీతో వచ్చింది. ఖాళీ పడక చూసి, కిందికి దిగి నా బెంచీ మీద కూర్చుంది. ముప్పై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కనుబొమ మీద పాత దెబ్బ మచ్చ. నేను నేర్చుకున్న పాఠమే చెప్పాను, అతనికై అతనికి అనిపించినప్పుడు మళ్ళీ తీసుకురమ్మని. ఆమె క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"ఆయనకి అనిపించేదాకా నేనూ పిల్లా ఎవరింటికి పోయి ఉండాలండి?" అని అడిగింది.

ఆ క్యారేజీ విప్పి అన్నం మా వార్డు మనుషులకు పెట్టి వెళ్ళిపోయింది. అందులో ఉన్న గోంగూర పచ్చడి గురించి వాళ్ళు వారంపాటు చెప్పుకున్నారు.

మా కేంద్రంలో కొందరికి ఇచ్చే మాత్ర ఒకటుంది. పేరు డైసల్ఫిరామ్. అది వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులవుతాయి, గుండె దడ పుడుతుంది. ఎక్కువ తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ భయమే దాని వైద్యం. అందుకే దాన్ని ఇచ్చే పద్ధతి గట్టిది. ఒంట్లో తాగుడు పూర్తిగా దిగాలి, గుండె, కాలేయం పరీక్ష చేయాలి, రోగికి అంతా వివరించి ఒప్పుకోలు తీసుకోవాలి. రోజూ పొద్దున భార్యో తల్లో చేతికివ్వాలి, అతను తెలిసి, అడిగి వేసుకోవాలి. తెలియకుండా ఎప్పుడూ పెట్టకూడదు. ఇదంతా చేరిన కొత్తలో ఇంటివాళ్ళకు పెట్టే ఫ్యామిలీ క్లాసులో నేనే చెప్పేదాన్ని. కుమారి అతను చేరిన కొత్తలో ఒక క్లాసులో కూర్చుంది. తాగుడు మాన్పించే మాత్ర ఉందన్నంతవరకు ఆమెకు వినపడింది. మిగతాది వినపడే స్థితిలో లేదు.

జగ్గయ్యపేటలో ఎవరో చీటీ లేకుండా ఆ మాత్రలు అమ్మారు. అన్నంలో కలిపి పెట్టమ్మా, తెలియదు అని సలహా కూడా ఇచ్చారట. ఆమె మాత్రను చపాతీ పీట మీద పొడి చేసి గోంగూర పచ్చడిలో కలిపేది. పిల్లకు వేరే తీసి పెట్టేది. నాగేశ్వరరావుకు గోంగూర ఉంటే వేరే కూర అక్కర్లేదు.

మొదట తాగిన రోజు వాంతులయ్యాయి. అతను సరుకు మంచిది కాదనుకున్నాడు. బ్రాండు మార్చాడు, అదీ పడలేదు. ఇక్కడ అమ్మేదంతా కల్తీ అని తిట్టుకుని, లోడు దించి వచ్చేటప్పుడు సరిహద్దు దాటి కోదాడలో కొన్నాడు. అదీ పడలేదు. రెండు రాష్ట్రాల సరుకునూ సమానంగా తిట్టిన మనిషిని నేను అతన్నే చూశాను. చివరికి ఒంటికి పడటంలేదులే అని తగ్గించి, దాదాపు మానేశాడు. పిల్లకు స్కూలు బూట్లు కొన్నాడు. ఆ చలికాలం తన కాపురంలో అన్నిటికంటే మంచి కాలమని తర్వాత కుమారి నాతో చెప్పింది.

మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు మా కేంద్రం తరఫున ఒక టెంటు వేస్తాం. తాగుడు మీద బొమ్మల చార్టులు కట్టి, వచ్చేపోయేవాళ్ళకు కరపత్రాలిస్తాం. తాగినవాళ్ళే ఎక్కువగా చదువుతారు. ఆ మధ్యాహ్నం నేనూ ఒక నర్సూ అక్కడున్నాం. రోడ్డవతల కలకలం రేగింది. చూస్తే నాగేశ్వరరావు. నేల మీద పడి ఉన్నాడు, ముఖం ఎర్రగా, చొక్కా నిండా వాంతి, ఊపిరి అందటంలేదు. పాత స్నేహితులు కలిసి బలవంతం చేస్తే ఆ పూట గట్టిగానే తాగాడు. ఆటోలో వేసుకుని దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కబురు అంది కుమారీ, ఆమె అత్త సామ్రాజ్యం వెనకే వచ్చారు.

డ్యూటీ డాక్టరు ఏం జరిగిందని అడిగాడు. వెంట వచ్చిన స్నేహితుడు తూలుతూనే, "పొద్దున మందు కొట్టొచ్చి మందు తాగాడండి" అన్నాడు. నిజమే, పొద్దున మిరపచేనుకు కొట్టాడు. చొక్కాకు ఆ వాసన ఉంది. వానలు లేక మిరప దెబ్బతిన్న ఏడాది, అలాంటి కేసులు ఆ డాక్టరు వారానికొకటి చూస్తున్నాడు. పురుగుమందు బ్రాందీలో కలుపుకుని తాగేవాళ్ళే ఎక్కువ. కడుపు కడిగే గొట్టం తెమ్మన్నాడు, విషం విరుగుడు ఇంజెక్షను తీయమన్నాడు, పోలీసులకు ఫోను చేయమన్నాడు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చేసేదాన్ని.

కుమారి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. నా చెవిలో చెప్పింది, ఎప్పటినుంచి, ఏ మాత్ర, దేనిలో కలిపి. నేను ఒక్కటే అన్నాను, వెళ్ళి డాక్టరుగారికి చెప్పు, ఇప్పుడే చెప్పు అని. ఆయన ముందే ఆమె అత్త ఉంది, ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళున్నారు. కుమారి వాళ్ళను చూసింది. తర్వాత లోపలికి నడిచి డాక్టరుతో అంది:

"పురుగుమందు కాదండి. నేను పెట్టిన మందండి."

మాత్ర అనలేదు. కంగారులో నోటికి వచ్చిన మాట అది. వెనకే నేను వెళ్ళి మాత్ర పేరు చెప్పాను. డాక్టరు వెంటనే గ్రహించాడు. గొట్టం ఆగింది, ఇంజెక్షను ఆగింది, పోలీసులకు ఫోనూ ఆగింది. సెలైనూ ఆక్సిజనూ పెట్టి, బీపీ చూస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి మనిషి నిలబడ్డాడు. వేరే వైద్యం జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని డాక్టరే అన్నాడు. కుమారి నోరు విప్పబట్టి అతను బతికాడు.

ఆ సంగతి సామ్రాజ్యానికి అక్కర్లేకపోయింది. ఆమె విన్నది రెండే మాటలు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, ఏడవకుండా, వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది, "నా కోడలు మందు పెట్టిందంట, దాని నోటితోనే చెప్పింది" అని. పొద్దుగూకేసరికి తిరునాళ్ళంతా తెలిసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెతలో మందు అన్న మాట అంత నిజంగా పలకడం నేను మళ్ళీ చూడలేదు.

నాగేశ్వరరావు ఈసారి తనంతట తానే వచ్చి చేరాడు. మాటలు తగ్గాయి. వార్డులో ఎవర్నీ నవ్వించలేదు. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని కుమారిని కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంచమన్నారు. తన ఇంట్లోంచి తను కదలనంది. ఆమెకు మిగిలిన ధైర్యమంతా ఆ ఒక్క మాటలో పెట్టింది. ఇక అంతా ఫ్యామిలీ మీటింగు మీద ఆధారపడింది. ఆమె ఆ ఇంట్లో భార్యగా ఉంటుందా, మందు పెట్టిన మనిషిగా ఉంటుందా అన్నది అక్కడ తేలాలి.

మా కేంద్రం డాక్టరును కూడా కూర్చోమని అడిగాను. మామూలుగా ఆయన ఇంటివాళ్ళ మీటింగులకు రాడు. మా మందుల బీరువాలోంచి అదే మాత్రల పట్టీ తెచ్చి బల్ల మీద పెట్టాను. సామ్రాజ్యం చేతికిచ్చి చూడమన్నాను. ఇది పసరు కాదు, చేతబడి కాదు, ఇక్కడ ఇరవై మందికి మేమే ఇస్తున్నామని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. తెలియకుండా పెట్టడం ప్రమాదమని, అది తప్పేనని కూడా చెప్పాడు. కుమారి తప్పు ఒప్పుకుంది. పిల్ల స్కూలుకు పస్తు పోయిన రోజులు, తన కనుబొమ పగిలిన రోజు, అన్నీ ఏకరువు పెట్టడానికి అవకాశముండి కూడా పెట్టలేదు. సామ్రాజ్యం పట్టీని తిప్పి తిప్పి చూసి బల్ల మీద దూరంగా పెట్టింది.

చివరికి మీరేమంటారని నాగేశ్వరరావును అడిగాను.

"మాత్రేనని అర్థమైందండి మేడంగారూ. ఎందుకు పెట్టిందో కూడా తెలుసు, తప్పు నాది. ఆ మాత్ర ఇక తెలిసే వేసుకుంటా. కాని దాని చేత్తో వద్దండి. ఆదివారం అది తెచ్చిన ముద్ద నోటి దాకా పోతంది, లోపలికి పోవట్లేదు."

కోపంగా చెప్పి ఉంటే నాకు పని ఉండేది. కోపానికి మా దగ్గర పద్ధతులున్నాయి. అతను సిగ్గుపడుతూ చెప్పాడు. కుమారి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డాక్టరు నా వైపు చూశాడు. ఇక్కడి నుంచి నీ పని అన్నట్టు లేచి వార్డుకు వెళ్ళిపోయాడు.

అతను తాగుడు మానేశాడు. ఏడాది తాగకుండా ఉన్నవాళ్ళను మేం పిలిచి సన్మానం చేస్తాం. అతనికీ చేశాం, శాలువా కప్పి. మా రికార్డుల్లో అతనిది విజయవంతమైన కేసు. కొత్తగా చేరినవాళ్ళకు ధైర్యం చెప్పడానికి కోఆర్డినేటర్ అతన్ని పిలిపించేవాడు. అతను వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పి, లోడుకు టైమైందని వెళ్ళేవాడు.

ఇంటికి వెళ్ళి చూసేదాన్ని నేను. మొదటి నెల వెళ్ళినప్పుడు వసారాలో కొత్తగా ఒక చిన్న గ్యాసు పొయ్యి కనిపించింది. నాగేశ్వరరావు తన అన్నం తను వండుకుంటున్నాడు. లారీ మీద ఉన్నప్పుడు హోటలు. వండటం చేతకాదు, అన్నం ముద్దయ్యేది, పెరుగు పోసుకుని లాగించేవాడు. కుమారికి గొంతెత్తి ఒక్క మాట అనేవాడు కాదు. ఇంటికి కావలసినవన్నీ తెచ్చేవాడు, పిల్ల చదువు పట్టించుకునేవాడు. నేను ఎన్నో పద్ధతులు ప్రయత్నించాను. ఇద్దర్నీ కలిసి వండమన్నాను. ఆమె వండింది ముందు పిల్ల తిని, ఆమె తిని, తర్వాత అతను తినేలా ఏర్పాటు చేశాను. రెండు ముద్దలు తిని లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఆ శబ్దం విని కుమారి నన్ను ఇక ఊరుకోమంది.

సామ్రాజ్యం మాత్రం మారింది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని స్థితి వచ్చాక కోడలి చేతి అన్నమే తినేది. "ఏ మందైతేనేం, నా కొడుకు ఆ మందు మానాడు" అని నాతోనే అంది. ఊరికి చెప్పిన మాటను ఊరి దగ్గర వెనక్కి తీసుకోవాలని ఆమెకు తోచలేదు.

ఆ మరుసటి ఏడాది విజయవాడలో ఖాళీ వచ్చింది. నేను వెళ్ళలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు అప్పట్లో ఏదో చెప్పాను. అసలు కారణం మెట్ల కింద బెంచీ. తాగేవాడికి మా దగ్గర పడక ఉంది, డాక్టరు ఉన్నాడు, కోలుకుంటే శాలువా ఉంది. తాగనివాళ్ళు ఆ బెంచీ మీద కూర్చుని, వాళ్ళకు తోచిన వైద్యం ఇంటికి వెళ్ళి చేసుకుంటున్నారు. వాళ్ళే నా పని అని అప్పుడు తెలిసింది. పోట్లాడి తలుపున్న గది తీసుకున్నాను. శనివారాలు ఆడవాళ్ళకు విడిగా మీటింగు పెట్టాను. పెట్టె మొత్తం విప్పుకుని, రిటైరయ్యేదాకా నందిగామలోనే ఉన్నాను.

రిటైరయ్యే ముందు పాత ఇళ్ళన్నిటికీ ఒకసారి వెళ్ళి వచ్చాను. కుమారి ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. సామ్రాజ్యం పోయి అప్పటికి రెండేళ్ళు. పిల్ల జగ్గయ్యపేటలో కాలేజీకి వెళ్ళింది. నాగేశ్వరరావు నన్ను చూసి కుర్చీ వేసి, తన పొయ్యి దగ్గరికి వెళ్ళి గిన్నె దించుకున్నాడు. వండటం ఇప్పటికి బాగానే వచ్చింది. కుమారి నన్ను భోంచేయమంది. ఇళ్ళలో తినకూడదని మాకు నియమం. ఆ రోజు తింటానన్నాను.

గోంగూర పచ్చడి వేసింది. ఆ తిరునాళ్ళ తర్వాత ఇంట్లో మళ్ళీ చేయలేదని, నేను వస్తున్నానని ఫోను చేశాక ఆ పొద్దున చేశానని చెప్పింది. నేను కలుపుకుని తిన్నాను. ఆమె ఎదురుగా పీట వేసుకుని, నా చేతినీ నోటినీ చూస్తూ కూర్చుంది. వసారాలో అతను అటు తిరిగి తింటున్నాడు. గరిటె చప్పుడు వినిపిస్తోంది.

"తాగినన్నాళ్ళూ తిట్టాడు, కొట్టాడండి. కాని ఎంత రాత్రయినా వచ్చి నా చేతన్నమే తిన్నాడు" అంది, అతనికి వినపడకుండా. తర్వాత, "ఇంకొంచెం వెయ్యనా అండీ?" అంది.

వేయమన్నాను. అడిగిన ప్రతిసారీ వేయించుకున్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది చెబుతాను. రోగి చేరిన మొదటి రోజే, అతన్ని పై వార్డుకు పంపాక, ఇంటావిడను విడిగా కూర్చోబెట్టండి. ఆయనకు తెలియకుండా తిండిలో ఏమైనా కలుపుతున్నావా అని అడగండి. మందు అన్న మాట వాడకండి. ఒకసారి అడిగితే ఎవరూ చెప్పరు. మంచినీళ్ళిచ్చి, తలుపు వేసి, మళ్ళీ అడగండి.